జీతం ఎంతో ముందు ఇంట్లో చెప్పండి

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 33 ఏళ్లు. మాది పల్నాడు జిల్లా. ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ చేసి తొమ్మిదేళ్లు కార్పొరేట్ స్కూల్లో పనిచేశాను. మా ఆయన మొబైల్ షాపు పెట్టి నష్టపోయారు. అప్పులు తీరతాయని మాల్దీవుల్లో టీచర్ ఉద్యోగానికి వచ్చాను. ఏజెంటుకు లక్షన్నర ఫోన్‌పే చేశాం. షాపు బాకీతో కలిపి నాలుగు లక్షల అప్పు, రెండు రూపాయల వడ్డీ. లాము అటోల్ అనే దీవుల గుంపులో ఒక చిన్న దీవిలో ఉంటున్నాను. వచ్చి తొమ్మిది నెలలైంది. జీతం 14,000 రుఫియాలు. మన డబ్బుల్లో డెబ్బై అయిదు వేల పైమాటే అని ఊళ్లో అందరికీ చెప్పాం. తీరా వచ్చాక, బ్యాంకు నెలకు 150 డాలర్లు మించి ఇంటికి పంపనివ్వదని తెలిసింది. మిగతాదంతా రుఫియాల్లో అకౌంట్లోనే పడి ఉంటోంది. ఈ సంగతి మా ఆయనకు కూడా పూర్తిగా చెప్పలేదు. 'అంత జీతం తెచ్చుకుంటూ పన్నెండు వేలేనా పంపేది' అని అత్తయ్య అన్నారట. క్లాసులో పిల్లలకు నేనంటే భయమే లేదు. ఒక మాట గట్టిగా అంటే తల్లిదండ్రులు ప్రిన్సిపాల్‌కు వైబర్‌లో మెసేజ్ పెడతారు. ఎక్కడ చూసినా చేప వాసన, తిండి సయించడం లేదు. దీపం పెట్టుకుందామంటే దేవుడి పటం కూడా లేదు. ఆరేళ్ల పాపను ఫోన్ దగ్గరికి రమ్మంటే రానంటోంది. వచ్చే నెల రెన్యువల్ ఫారం ఇస్తారు. మధ్యలోనే వచ్చేయనా? వచ్చేస్తే నలుగురిలో తలెత్తుకోగలనా? (పేరు ప్రచురించవద్దని కోరారు)

సమాధానం: చెల్లెమ్మా, దక్షిణాన మరో అటోల్‌లో నేనూ చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను కాబట్టి మీ ఉత్తరంలో ప్రతి వాక్యం నాకు తెలిసిన చోటి నుంచే వచ్చింది. ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఈ ఏడాది ఒప్పందం పూర్తి చెయ్యండి, మధ్యలో రావద్దు. రెన్యువల్ ఫారం మీద మాత్రం అడిగిన రోజే సంతకం పెట్టకండి. ఈ రెండింటికన్నా ముందు, ఈ వారంలోనే, మీ ఆయనకు అసలు లెక్క మొత్తం చెప్పండి.

పిల్లలు, తిండి, పటం, పాప అంటూ చాలా కష్టాలు రాశారు. అన్నీ నిజమైనవే. కానీ వీటన్నిటి బరువు రెట్టింపు చేస్తున్నది ఆ డెబ్బై అయిదు వేల మాట. అక్కడ నెల నెలా మీ చేతికి అందని డబ్బుకు ఇక్కడ మీరు జవాబుదారీ అయ్యారు. అత్తయ్య అడిగిన దాంట్లో ఆవిడ తప్పేమీ లేదు, ఆవిడకు తెలిసిన లెక్క అదే మరి. డెబ్బై అయిదు వచ్చే చోట పన్నెండు పంపితే ఎవరైనా అడుగుతారు.

అసలు లెక్క కాగితం మీద పెట్టి చూద్దాం. బ్యాంకు రేటు డాలరుకు 15.42 రుఫియాలు. 2011 నుంచి పై హద్దు అదే. ఆ రేటున మీ 14,000 అంటే సుమారు 908 డాలర్లు. ఏజెంటు రూపాయల్లోకి మార్చి మీకు చూపించింది ఈ అంకెనే, అందులో అబద్ధం లేదు. అతను చెప్పనిదల్లా ఏమిటంటే, రుఫియా ఆ దేశం దాటితే చెల్లదు. డాలర్లు టూరిజం మీద వస్తాయి. బియ్యం దగ్గర నుంచి డీజిల్ దాకా దేశానికి కావలసినవన్నీ కొనడానికి ఆ డాలర్లే ఖర్చవుతాయి. కొరత వచ్చినప్పుడల్లా ముందు కోత పడేది మనలాంటి వాళ్లు ఇంటికి పంపే డబ్బుకే. 2024 అక్టోబరులో మనవాళ్లకు నెలకు 400 డాలర్లుగా ఉన్న పరిమితి 150కి దిగింది. అక్కడ ఏళ్ల తరబడి ఉన్న మలయాళీ, తమిళ టీచర్ల ఇళ్లలో కూడా ఆ నెల నుంచి ఈఎంఐలు తలకిందులయ్యాయి. ఇది మీ చేతకానితనం కాదు.

150 డాలర్లంటే అక్కడ 2,313 రుఫియాలు. అంటే మీ జీతంలో ఆరో వంతు మాత్రమే సముద్రం దాటుతోంది. ఇక్కడ నాలుగు లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు ఎనిమిది వేలు. మీరు పంపే పన్నెండు వేలల్లో ఎనిమిది వడ్డీకే పోతే, మిగిలిన నాలుగు వేలు పాప ఖర్చులకు కూడా చాలవు. అసలు మీద ఒక్క రూపాయి తగ్గడం లేదు. ఇది మీ ఆయనకు చెప్పకుండా మీరొక్కరే మోస్తున్నారు. ఆయనేమో అప్పు తీరిపోతోంది అనుకుంటూ ఉండి ఉంటారు.

అందుకే ఫోన్ చెయ్యమంటున్నాను. ఏడుస్తూ కాదు, పే స్లిప్, బ్యాంకు స్టేట్‌మెంటు రెండూ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి, ఆ తర్వాత మాట్లాడండి. 'నేను దాచుకోవడం లేదు, ఇదిగో ఇక్కడ ఇరుక్కుపోయింది' అని ఆయన కళ్లతో ఆయన చూడాలి. అత్తయ్యకు ఆయనే చెప్పాలి, మీరు కాదు. కోడలు చెబితే సంజాయిషీలా ఉంటుంది, కొడుకు చెబితే విషయంలా ఉంటుంది. ఊళ్లో వాళ్లకు ఏం చెప్పాలన్నది ఇప్పుడు అనవసరం.

మాట్లాడాక మీ ఆయన చెయ్యగలిగిన మొదటి పని ఆ రెండు రూపాయల వడ్డీ వదిలించుకోవడం. ఇంట్లో బంగారం ఎంతో కొంత ఉంటే బ్యాంకులో పెట్టి తీసుకుంటే వడ్డీ రూపాయికి అటూ ఇటుగా పడుతుంది. అప్పు మొత్తం మారకపోయినా సగం మారినా నెలకు రెండు వేలు మిగిలినట్టే. పుట్టింటి నగ కదా అని వెనకాడకండి, తాకట్టు పెడుతున్నాం, అమ్మడం లేదు. డబ్బు చేరేసరికి ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది కాబట్టి బ్యాంకు వాయిదా తేదీ దానికి తగ్గట్టు పెట్టించుకోండి.

ఇప్పుడు ఒక హెచ్చరిక. డాలరు బ్యాంకు బయట 18, 19 రుఫియాలు పలికిన రోజులు ఉన్నాయి. అలా కొనడంలో నష్టమే కాదు, చట్టం సమస్య కూడా ఉంది. ఇంకో దారి చెప్పేవాళ్లు మీ దీవిలో కూడా ఉంటారు: 'రుఫియాలు ఇక్కడ నాకివ్వండి, మీ ఇంట్లో రూపాయలు వేయిస్తాను' అని. రేటు కూడా బాగుంటుంది. వద్దు. అది హవాలా, మన విదేశీ మారక చట్టానికి విరుద్ధం. ఆ రూపాయలు మీ ఆయన అకౌంటులోకి ఎవరి దగ్గర నుంచి వస్తున్నాయో మీకు తెలియదు. ఎక్కడో సైబర్ మోసంలో పోగొట్టుకున్న వాళ్ల డబ్బు అయితే, ఆ రాష్ట్రం పోలీసులు అకౌంటు ఫ్రీజ్ చేయిస్తారు. అప్పుడు ఇంట్లో పాలకు కూడా డబ్బు తియ్యలేరు. కష్టంలో ఉన్న వాళ్లకే ఇలాంటి సాయం ఎదురొస్తుంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మరి పడి ఉన్న రుఫియాలు ఏం చెయ్యాలి? పంపలేని డబ్బుతో మనుషుల్ని రప్పించుకోవచ్చు. మాల్దీవులకు రావడానికి మనవాళ్లు ముందుగా వీసా తీసుకోనక్కరలేదు. రాజధాని మాలేలోని ట్రావెల్ ఏజెన్సీలో రుఫియాలు కట్టి టికెట్లు కొనవచ్చేమో కనుక్కోండి. బెంగళూరు నుంచో కొచ్చి నుంచో మాలే దాకా విమానం, అక్కడి నుంచి మీ అటోల్‌లోని కద్దూ విమానాశ్రయం, ఆపైన బోటు. వేసవి సెలవుల్లో పాపను, మీ ఆయనను రెండు మూడు వారాలకు పిలిపించండి. ఇంటి ఓనరుతో, స్కూల్‌తో ముందే మాట్లాడి ఉంచుకోండి. అప్పుల్లో ఉన్నప్పుడు విమానం టికెట్లేమిటి అని మీకు అనిపిస్తుంది, అత్తయ్యకూ అనిపిస్తుంది. ఆ డబ్బు అప్పు తీర్చడానికి ఎలాగూ పనికిరాకుండా పడి ఉంది కదా. పాపకు అమ్మ ఉండే గది, అమ్మ చెప్పే క్లాసు, అమ్మ నడిచే ఇసుక దారి కళ్లకు కనిపిస్తే చాలా మారుతుంది.

పాప సంగతికి వచ్చాను కాబట్టి అదీ చెబుతాను. ఫోన్ దగ్గరికి రాకపోవడం కోపం వల్ల అనుకోకండి. ఆరేళ్ల పిల్లకు 'తిన్నావా, బాగున్నావా, అల్లరి చెయ్యకు' అనే ఫోన్ నాలుగో రోజుకే విసుగు. పైగా మీ గొంతులో ఏడుపు ఉంటే పిల్లలు ఇట్టే పట్టేస్తారు, భయపడి తప్పించుకుంటారు. మీకూ వాళ్లకూ టైములో తేడా అరగంటే. గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న తల్లులకు లేని సౌకర్యం ఇది, వాడుకోండి. రాత్రి ఎనిమిదికి వీడియో పెట్టి హోంవర్క్ మీరే చేయించండి. మీరు లెక్కల టీచర్! ఎక్కాలు ఇద్దరూ కలిసి చెప్పండి, ఒక లైను తను, ఒక లైను మీరు. ఒకచోట మీరు కావాలని తప్పు చెప్పండి, దొరికిపోయారని సంబరపడుతుంది. పది నిమిషాలు చాలు. మాట్లాడటం కోసం కాకుండా, కలిసి ఒక పని చెయ్యడం కోసం ఫోన్ చెయ్యండి. రానన్న రోజు బతిమాలకండి.

క్లాసు విషయంలో మాత్రం మీతో కొంచెం విభేదిస్తాను. 'భయమే లేదు' అన్నారు. తొమ్మిదేళ్లు స్టడీ అవర్లు, వీక్లీ టెస్టులు, ర్యాంకుల మధ్య పనిచేసి వెళ్లిన మీకు నిశ్శబ్దంగా ఉన్న క్లాసే మంచి క్లాసుగా అలవాటైంది. అక్కడి పిల్లలు టీచర్‌ను చూసి బెదరరు, లేచి నిలబడరు, ప్రశ్న మధ్యలోనే అడిగేస్తారు. అది అగౌరవం కాదు, వాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లతో మాట్లాడే తీరే అది. పిల్లల మీద చెయ్యి చేసుకోవడం సరేసరి, గేలి చెయ్యడం కూడా అక్కడ సహించరు. తల్లిదండ్రులు వైబర్‌లో ఫిర్యాదు చేసే ముందే మీరే వాళ్లకు మెసేజ్ పెట్టండి, 'మీ వాడు ఇవాళ భిన్నాలు బాగా చేశాడు' అని. చిన్న దీవిలో ఆ మాట సాయంత్రానికల్లా జోలీ మీద కూర్చున్న అందరికీ తెలుస్తుంది. ఇళ్ల ముందు, రేవు దగ్గర ఇనుప చట్రానికి తాడు వల బిగించిన ఆ కుర్చీలు చూశారుగా, ఊరి కబుర్లన్నీ అక్కడే. మీరు కూడా వెళ్లి కూర్చోండి. స్కూలు నుంచి నేరుగా గదిలోకి వెళ్లి తలుపేసుకునే విదేశీ టీచర్ గురించి వాళ్లు ఏమీ చెడుగా అనుకోరు, అసలు ఏమీ అనుకోరు. అది ఇంకా కష్టం.

లెక్కలు చెప్పేటప్పుడు ఒకటి గమనించండి. '200 మీటర్ల రైలు ప్లాట్‌ఫాం దాటడానికి ఎంత సమయం' అని బోర్డు మీద రాస్తే అక్కడ సగం క్లాసు ఎందుకు దిక్కులు చూస్తుంది? ఆ దేశంలో రైలు లేదు. నది లేదు, కొండ లేదు, నేల మీద సహజంగా ఎత్తైన చోటు కూడా రెండున్నర మీటర్లు దాటదు. ఎదురు ప్రవాహం లెక్కలో నది అని కాకుండా, రెండు దీవుల మధ్య దోణీ పోటుకు ఎదురు వెళ్తోంది అని రాయండి. నా క్లాసులో ఎప్పుడూ వెనక బెంచీలో కునుకు తీసే కుర్రాడు ఒకడు, వాళ్ల నాన్నది ట్యూనా వేట. అలాంటి లెక్క ఇచ్చిన రోజు లేచి, 'మిస్, ఆ వేగంతో అయితే దోణీ రీఫ్ మీదికి పోతుంది' అని బోర్డు దగ్గరికి వచ్చి చాక్‌పీసుతో పగడపు దిబ్బ గీసి చూపించాడు. ఆ తర్వాత వాడు నా క్లాసులో నిద్రపోలేదు. పదో తరగతిలో వాళ్లు రాసేది కేంబ్రిడ్జి పరీక్ష, ప్రశ్నలు ఇంగ్లీషులో బారెడు ఉంటాయి. వాళ్లకు చాలాసార్లు రానిది లెక్క కాదు, ప్రశ్న చదవడం. ముందు ప్రశ్నను రెండు ముక్కలు చేసి చదివించండి, లెక్క వాళ్లే చేస్తారు.

వాళ్ల భాష ధివేహి కాస్త నేర్చుకోండి. కుడి నుంచి ఎడమకు రాసే తానా లిపి చూసి బెదరకండి. మూల అక్షరాలు 24, వాటికి పైనా కిందా మన గుణింతం లాంటి గుర్తులు. గుణింతాలు దిద్దిన మనకు ఆ పద్ధతి తొందరగానే పట్టుబడుతుంది. పిల్లల పేర్లు వాళ్ల లిపిలో రాసి చూపిస్తే క్లాసు మీదవుతుంది.

తిండికి కూడా దారి ఉంది. మాలే నుంచి సరుకుల బోటు వచ్చే రోజు రేవు దగ్గరికి మీరే వెళ్లండి. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, క్యాబేజీ షాపుకు చేరేలోపే అయిపోతాయి. కంది పప్పు దొరకని చోట కూడా ముగు అంటే ఏదో ఒక పప్పు ఇస్తారు. ఇక మీ చుట్టుపక్కల పెరళ్లలో మునగ చెట్టు ఉందో లేదో చూశారా? వాళ్లు కూడా మునగాకు తింటారు, మురంగ అనే పిలుస్తారు. కరివేపాకు, కొబ్బరి, పండు మిరప ఎలాగూ ఉన్నాయి. పొరుగింటి ఆవిడను అడిగితే గిన్నెడు మునగాకు దూసి ఇస్తుంది, డబ్బు తీసుకోదు. మునగాకు పప్పు, వేడి అన్నం, ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ ఉంటే చేప వాసన దానంతట అదే తగ్గుతుంది. పప్పు ఒక గిన్నెడు ఆవిడకూ పంపండి. నాకు అక్కడ మొదటి స్నేహం అలాగే కుదిరింది.

దేవుడి పటం సంగతి జాగ్రత్తగా చెప్పాలి. పూజకు విగ్రహాలు తీసుకెళ్లడం ఆ దేశం కస్టమ్స్ నిషేధించింది. ఇస్లాం కాక వేరే మతాన్ని బహిరంగంగా ఆచరించడానికి వీల్లేదు. వెళ్లేముందు ఇవి మీకు ఎవరూ చెప్పకపోవడం అన్యాయం, కానీ అక్కడ ఉన్నన్నాళ్లు పాటించక తప్పదు. ఎవరైనా వస్తూ రహస్యంగా పటం తెస్తామంటే వద్దనండి. పొద్దున్నే స్నానం చేసి కళ్లు మూసుకుని నామాలో స్తోత్రమో మనసులో చదువుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. స్టాఫ్‌రూమ్‌లో మతం మాట వస్తే నవ్వి ఊరుకోండి. రంజాన్ నెలలో పగలు వాళ్ల ఎదుట మంచినీళ్లు కూడా తాగకుండా ఉంటే చూసి సంతోషిస్తారు. సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు మీ తలుపు తట్టి మరీ పళ్లెం ఇస్తారు.

ఇక రెన్యువల్. మధ్యలో వదిలేసి వస్తే ఒప్పందంలో నోటీసు కాలం, తిరుగు టికెట్టు, సర్వీసు సర్టిఫికెట్టు మూడూ చిక్కులో పడతాయి. మిగిలింది మూడు నెలలే కాబట్టి పూర్తి చెయ్యడమే మేలు. పూర్తి చేసిన ఏడాది అనుభవం కాగితం మీ చేతిలో ఉంటే రేపు మరో దేశంలోనైనా, హైదరాబాద్ ఇంటర్నేషనల్ స్కూళ్లలోనైనా అడగడానికి బలం. ఈ మూడు నెలల్లో బ్యాంకును రాతపూర్వకంగా అడగండి: పరిమితి ఇప్పుడు ఎంత, సెలవు మీద వెళ్లేటప్పుడు ఎంత మార్చి ఇస్తారు, ఒప్పందం ముగించుకుని పూర్తిగా వెళ్లిపోయేటప్పుడు ఎంత ఇస్తారు. పరిమితి ఇలాగే ఉంటే, జీతం పెరుగుతుందన్నా సరే, అప్పు తీర్చాల్సిన మనిషి మరో ఏడాది ఉండటంలో అర్థం లేదు. వచ్చేయండి. పరిమితి సడలితే, పాపకు సెలవుల రాకపోకలు కుదిరితే, మీ ఆయన సరేనంటే అప్పుడు సంతకం పెట్టండి. వేరే స్కూలుకు మారదామన్నా మొదట అడగాల్సింది జీతం ఏ కరెన్సీలో ఇస్తారు అని. ఎంత అనేది ఆ తర్వాతే. పాస్‌పోర్టు మాత్రం ఎవరి దగ్గరా పెట్టకండి. అది భారత ప్రభుత్వ ఆస్తి అని అందులోనే రాసి ఉంటుంది.

నలుగురిలో తలెత్తుకోవడం గురించి అడిగారు. ఆ నలుగురిలో మీ వడ్డీ కట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇల్లు నిలబెట్టడానికి ఒంటరిగా సముద్రం దాటి, తెలియని భాష పిల్లలకు ఏడాది లెక్కలు చెప్పి వచ్చిన ఆడపిల్ల తల దించుకోవాల్సిన అవసరం నాకైతే కనిపించడం లేదు.

ఆఖరుగా ఆ ఏజెంటు. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు మన విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి, అభ్యర్థి నుంచి తీసుకోగలిగిన సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతే. మీ దగ్గర లక్షన్నర తీసుకున్నాడు. ఆ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని పేరు ఉందో లేదో మీ ఆయన్ను చూడమనండి, ఉన్నా లేకపోయినా ఫిర్యాదు చెయ్యవచ్చు. హైదరాబాద్‌లో, పనికి విదేశాలకు వెళ్లేవాళ్ల రక్షణ చూసే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం ఉంది. ఆంధ్రావాళ్లకు ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ హెల్ప్‌లైన్ ఉంది. అక్కడి నుంచి మీరు విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైటు మదద్ పోర్టల్ ద్వారా మాలేలోని మన హైకమిషన్‌కు రాయవచ్చు. రసీదు ఇవ్వలేదు కదా అని ఊరుకోకండి. డబ్బు ఫోన్‌పేలో వేశారు, తేదీతో సహా వివరాలు అందులోనే ఉంటాయి. ఆ స్టేట్‌మెంట్లు, అతను వాట్సాప్‌లో జీతం గురించి రాసిన మెసేజ్‌లు ఈ రాత్రే స్క్రీన్‌షాట్లు తీసి మీ ఆయనకు పంపండి.